వైజాగ్ లాయరుకి డబ్బు ఏ దారిలో వస్తుంది, ఎప్పుడు వస్తుంది

లా చదివితే నెలకెంత వస్తుందని అడిగేవాళ్లు ఎక్కువ. ఉద్యోగమైతే దానికి జవాబుంది. ప్రాక్టీసుకి లేదు, ఎందుకంటే ప్రాక్టీసులో నెల లెక్కే లేదు. ఫైలుంటుంది, ఫైలుకో స్టేజి ఉంటుంది, ఆ స్టేజికి ముందో వెనకో ఫీజు ఉంటుంది. విశాఖపట్నంలో ఒకే ఏడాది నల్లకోటు వేసుకున్న ఇద్దరిలో ఒకరు పదేళ్లకి సొంత ఆఫీసు పెట్టుకుంటారు. ఇంకొకరు అప్పటికీ సీనియరు ఇచ్చే పెట్రోలు డబ్బుల మీదే ఉంటారు. ఇద్దరికీ చట్టం ఒకేలా వచ్చి ఉండొచ్చు. తేడా ఎక్కువసార్లు ఎలాంటి ఫైళ్లు పట్టారు, ఫీజు ఎప్పుడు అడిగారు అన్న దగ్గరే వస్తుంది. ఈ పోస్టు ఆ లెక్క గురించి.

ముందు చదువు సంగతి క్లుప్తంగా. ఇంటర్ తర్వాత అయిదేళ్లు, లేదా డిగ్రీ తర్వాత మూడేళ్లు. ఆంధ్రా యూనివర్సిటీ అంబేడ్కర్ న్యాయ కళాశాలకీ ఊళ్లోని ప్రైవేటు లా కాలేజీలకీ లాసెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. సబ్బవరంలో ఉన్న దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి దేశవ్యాప్త ప్రవేశ పరీక్ష క్లాట్. సబ్బవరంలో చదివినవాళ్లకి హైదరాబాద్, ముంబై, ఢిల్లీ కార్పొరేట్ ఫర్ముల తలుపు కొంచెం దగ్గర. ఊళ్లో చదివినవాళ్లకి తెలుగు దస్తావేజు చదవడం, కోర్టు సెక్షన్లో ఏ కాగితం ఎక్కడ ఆగుతుందో తెలియడం దగ్గర. జిల్లా కోర్టులో రెండోదే ముందు కూడు పెడుతుంది.

బార్ కౌన్సిల్లో లాయరుగా పేరు నమోదు, అంటే ఎన్రోల్‌మెంటు, ఖర్చు గురించి చాలామందికి ఇంకా పాత లెక్కే తెలుసు. 2024 జులై 30న సుప్రీంకోర్టు గౌరవ్ కుమార్ కేసులో తేల్చి చెప్పింది: అడ్వొకేట్స్ చట్టం 24వ సెక్షన్లో రాసి ఉన్నదానికి మించి బార్ కౌన్సిళ్లు ఫీజు తీసుకోకూడదని. అంటే జనరల్ వాళ్లకి 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకి 125. అంతకుముందు కొన్ని రాష్ట్రాల్లో ఇది 40 వేలు దాటింది. ఆ తర్వాత ఆలిండియా బార్ పరీక్ష ఉంది. వంద ప్రశ్నలు, నెగెటివ్ మార్కుల్లేవు. జనరల్, ఓబీసీలకి 45 శాతం, ఎస్సీ ఎస్టీలకి 40 శాతం వస్తే పాస్. నోట్స్ లేని బేర్ యాక్టులు (చట్టం పాఠం మాత్రమే ఉన్న పుస్తకాలు) లోపలికి తీసుకెళ్లనిస్తారు. దాంతో ఇదేదో తేలికే అనుకుని బేర్ యాక్టు తొలిసారి పరీక్ష హాల్లో తెరిచేవాళ్లు తప్పుతారు. ఎన్రోల్ అయిన రెండేళ్లలోపు ఇది పాసవ్వకపోతే ప్రాక్టీసు ఆగిపోతుంది.

జూనియర్ రోజులు

జూనియర్‌కి నెలకి పట్టణాల్లో కనీసం 20 వేలు, గ్రామాల్లో 15 వేలు ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సర్క్యులర్ ఇచ్చింది. అది సిఫారసు మాత్రమే. ఇవ్వకపోతే ఎవరూ ఏమీ చెయ్యరు. వైజాగ్‌లో అయిదు వేలిచ్చేవాళ్లున్నారు, పదీ పదిహేనూ ఇచ్చేవాళ్లున్నారు, పండక్కి బట్టలు పెట్టి సరిపెట్టేవాళ్లూ ఉన్నారు. రాష్ట్ర ప్రభుత్వం 2019 డిసెంబరులో లా నేస్తం పేరుతో జూనియర్లకి మూడేళ్లపాటు నెలకి 5,000 ఇవ్వడం మొదలుపెట్టింది. ఇలాంటి పథకాలు ప్రభుత్వాలతోపాటు మారుతుంటాయి, వాటిని ఇంటి బడ్జెట్లో రాసుకోకూడదు. ఇంటి నుంచి మూడేళ్ల తిండికీ అద్దెకీ దన్ను లేకుండా నేరుగా ప్రాక్టీసులో దిగడం సాహసమే. ఆ దన్ను లేనివాళ్లు మధ్యలో ఎందుకు మానేస్తారో అడగనక్కర్లేదు.

డబ్బు తక్కువిచ్చే సీనియరు దగ్గర చేరడం తప్పు కాదు. పని నేర్పని సీనియరు దగ్గర ఉండిపోవడం తప్పు. తేడా ఆర్నెల్లలో తెలిసిపోతుంది. పొద్దున పదిన్నరకి కేసులు పిలిచే కాల్ వర్క్‌లో లేచి నిలబడి "సీనియర్ గారు పై కోర్టులో ఉన్నారండి, పాస్ ఓవర్ ఇవ్వండి" అనడం మాత్రమే ఏడాది తర్వాత కూడా నీ పనైతే అక్కడ చదువు లేదన్నమాటే. చీఫ్ అఫిడవిట్ (సాక్షి వాంగ్మూలం ప్రమాణపత్రం) డ్రాఫ్టు నీచేత రాయించి, ఎర్ర పెన్నుతో కొట్టేసి, మళ్లీ రాయిస్తుంటే ఉండిపోవచ్చు. గుమస్తా గారితో స్నేహం తప్పనిసరి. సర్టిఫైడ్ కాపీకి సీఏ (కాపీ దరఖాస్తు) ఎప్పుడు వెయ్యాలి, స్టాంపులు ఎన్ని పెట్టాలి, ఫైలు ఏ సెక్షన్లో ఆగింది, ప్రాసెస్ (సమన్లు పంపే ఖర్చు) కట్టారా లేదా అన్నవి లా కాలేజీలో ఎవరూ చెప్పరు.

ఇంకో పని మొదటి వకాల్తా రోజునుంచే చెయ్యాలి. సీనియరు వకాల్తాలో నీ పేరు, ఎన్రోల్‌మెంటు నంబరు కూడా రాయించుకో. 2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకి మూడేళ్ల ప్రాక్టీసు నిబంధనని మళ్లీ తెచ్చింది. ఆ మూడేళ్లు ప్రొవిజనల్ ఎన్రోల్‌మెంటు తేదీ నుంచి లెక్క. జడ్జిల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలమూ కలుస్తుంది. సర్టిఫికెట్ ఇవ్వాల్సింది ఆ కోర్టు ప్రిన్సిపల్ జ్యుడీషియల్ ఆఫీసరు, లేదా పదేళ్ల ప్రాక్టీసున్న లాయరు ఇస్తే దానిమీద ఆ ఆఫీసరు ఎండార్స్‌మెంటు. మూడేళ్లు రోజూ కోర్టుకొచ్చినా కాగితం మీద నీ పేరెక్కడా లేకపోతే ఆ సర్టిఫికెట్ అడగడానికి మొహం చెల్లదు. వకాల్తా కాపీలు, నీ పేరున్న ఆర్డర్లు, కేసు నంబర్లతో ఒక డైరీ పెట్టుకోవాలి. ఈ-కోర్ట్స్ యాప్‌లో పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరుతో ప్రతి కేసూ దొరుకుతుంది కాబట్టి ఇప్పుడీ పని కష్టం కాదు, బద్ధకమే అడ్డం.

ఫీజు ఎప్పుడు అడగాలి

ఒక చెక్ బౌన్స్ కేసు తీసుకుందాం. జూనియర్‌కి సొంతంగా వచ్చే మొదటి ఫైలు చాలాసార్లు ఇదే. చెక్కు వెనక్కొచ్చిందని బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక అవతలివాడికి 15 రోజుల గడువు. అది దాటిన నెలలోపు కోర్టులో ఫిర్యాదు. ఫిర్యాదు ఆలస్యమైతే కారణం చూపించి మాఫీ అడగొచ్చు. నోటీసు 30 రోజులు దాటితే మాఫీ లేదు, ఆ చెక్కు మీద 138వ సెక్షన్ (చెక్ బౌన్స్) కేసు కథ ముగిసినట్టే. అదే చెక్కు ఇంకా చెల్లుబాటులో ఉంటే మళ్లీ బ్యాంకులో వేసి, కొత్త మెమో మీద కొత్త నోటీసివ్వడం ఒక్కటే దారి. ఇక తప్పులు పడే చోట్లు: మెమో మీదున్న తేదీకీ అది పార్టీ చేతికందిన తేదీకీ తేడా రాసుకోకపోవడం, చెక్కు కంపెనీది అయితే కంపెనీని వదిలేసి డైరెక్టరుకి మాత్రమే నోటీసివ్వడం, నోటీసులో చెక్కు మొత్తం కాకుండా వడ్డీ, ఖర్చులు అన్నీ కలిపి ఒకే అంకె అడగడం. కోర్టు పరిధి సొమ్ము రావాల్సినవాడి బ్యాంకు బ్రాంచిని బట్టి ఉంటుంది. క్లయింటు ఖాతా గాజువాక బ్రాంచిలో ఉందా, ఊళ్లో ఉందా అన్నది ముందే చూసుకోవాలి.

ఈ కేసుకి 25 వేలు మాట్లాడుకున్నారనుకుందాం. జూనియర్లు ఎక్కువమంది చేసేది: నోటీసుకి వెయ్యి తీసుకుని, "మిగతాది తర్వాత చూద్దాం లెండి" అనడం. క్లయింటు భాషలో ఆ తర్వాత అనేది డబ్బు వసూలైన రోజు. అది మూడేళ్లో, నాలుగేళ్లో. మధ్యలో లోక్ అదాలత్‌లో రాజీ అయిపోతే క్లయింటు లెక్కలో లాయరు పని సగమే చేసినట్టు. ఆ 25 వేలనీ స్టేజీలుగా విడగొట్టి చెప్పాలి. నోటీసుకి 3,000, ఫిర్యాదు వేసేనాడు 10,000, చీఫ్ అఫిడవిట్ నాడు 6,000, ఆర్గ్యుమెంట్స్‌కి ముందు మిగిలిన 6,000. రాజీ అయినా చెయ్యాల్సిన పని అయిపోయినట్టేనని, అప్పటిదాకా ఉన్న బాకీ ఆరోజే ఇవ్వాలని కూడా మొదటిరోజే చెప్పాలి. కోర్టు ఫీజు, ప్రాసెస్, జిరాక్సులు, కాపీ ఖర్చులు వేరు. వీటిని ఫీజులో కలిపేసుకుని చివరికి చేతినుంచి పెట్టుకునే జూనియర్లు చాలామంది.

సివిల్ దావాలో ఇంకో ఉచ్చు ఉంది. డిక్రీ వచ్చేదాకా మాట్లాడుకున్నారా, డిక్రీ అమలు కోసం వేసే ఎగ్జిక్యూషన్ పిటిషన్ (ఈపీ) కూడానా? డిక్రీ అమలుకి పన్నెండేళ్ల గడువుంటుంది, కొన్ని దావాల్లో అసలు యుద్ధం అక్కడే మొదలవుతుంది. ఈపీ వేరు ఫీజు అని, అప్పీలు వేరు అని రాసి సంతకం తీసుకోని లాయరు ఆ ఏళ్లన్నీ ఉచితంగా తిరుగుతాడు.

ఫీజివ్వకపోతే ఫైలు పట్టుకుని కూచుందామంటే కుదరదు. ఆర్.డి. సక్సేనా కేసులో 2000లోనే సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది: ఫీజు బాకీ ఉందని క్లయింటు కాగితాలు ఆపుకునే హక్కు లాయరుకి లేదు. బాకీకి దావా వేసుకోవచ్చు, వేసేవాళ్లు అరుదు. ఊళ్లో పేరు పోతుందని భయం. గెలిచిన సొమ్ములో ఇంత వాటా అని మాట్లాడుకోవడమూ బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం నిషేధమే. మోటారు ప్రమాద క్లెయిముల్లో ఇది ఏ స్థాయిలో నడుస్తుందో కోర్టుకొచ్చే అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అవార్డు సొమ్ము నేరుగా క్లయింటు ఖాతాలో పడుతోంది, కొంత ఫిక్సెడ్ డిపాజిట్‌లో ఉంటుంది. శాతాన్ని నమ్ముకున్న లాయరుకి ఫిర్యాదు భయం ఒకవైపు, ఎగవేత భయం ఇంకోవైపు. ఇంత అని గంపగుత్తగా, స్టేజీల ప్రకారం మాట్లాడుకోవడమే మేలు.

క్రిమినల్ వైపు డబ్బు త్వరగా కనిపిస్తుంది, త్వరగా ఆగిపోతుంది. మన దగ్గర దీనికి పెద్ద ఉదాహరణ గంజాయి కేసులు. ఏజెన్సీ నుంచి బయటికెళ్లే సరుకుకి వైజాగ్ దారి కాబట్టి వేరే రాష్ట్రాల కుర్రాళ్లు ఇక్కడ రిమాండులో ఉంటారు. 20 కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, మాదకద్రవ్యాల చట్టం 37వ సెక్షన్ అడ్డం వస్తుంది, మామూలు బెయిలు దాదాపు మర్చిపోవచ్చు. అప్పుడు కళ్లన్నీ 180వ రోజు మీద. ఆలోగా ఛార్జిషీటు రాకపోతే డిఫాల్ట్ బెయిలు. ఇక్కడ దెబ్బతినేది ఎలాగంటే, గడువు దాటిన రోజున పిటిషన్ పెట్టకుండా రేపు పెడదామనుకోవడం. ఈలోపు ఛార్జిషీటు వచ్చి పడితే ఆ హక్కు పోయింది. గడువు పొడిగించమని పబ్లిక్ ప్రాసిక్యూటరు ముందే పిటిషన్ వేశారేమో కూడా చూసుకోవాలి. బెయిలొచ్చాక స్థానిక జామీనుదారులు దొరకడం ఇంకో వారం. ఇక ఫీజంటారా, ముద్దాయి జైలు గేటు దాటాక ఆ ఫోను నంబరు పనిచెయ్యదు. ఈ కేసులు చేసే అనుభవజ్ఞులు బెయిలు పిటిషన్ మీద సంతకం పెట్టకముందే మొత్తం తీసుకుంటారు. కటువుగా అనిపిస్తుంది గానీ వాళ్ల తప్పేమీ లేదు.

భూమి కాగితాలు

వైజాగ్‌లో ప్రాక్టీసుకి నిలకడైన ఆదాయం వాదనల కన్నా టైటిల్ ఒపీనియన్లలోనే (ఆస్తి హక్కు సరిగ్గా ఉందో లేదో కాగితాలు చూసి రాసిచ్చే రిపోర్టుల్లోనే) ఎక్కువ. మధురవాడలో ఫ్లాటు కొన్నా, ఆనందపురంలో స్థలం కొన్నా బ్యాంకు లోను కావాలంటే ఆ బ్యాంకు జాబితాలో ఉన్న ప్యానెల్ లాయరు రిపోర్టు కావాలి. ఒక్కో రిపోర్టుకి బ్యాంకులిచ్చేది తక్కువే, కొన్ని వేలు. కానీ నెలకి పదీ ఇరవై వస్తే అద్దె, గుమస్తా జీతం గడిచిపోతాయి. ప్యానెల్లో చేరాలంటే సాధారణంగా కొన్నేళ్ల ప్రాక్టీసు, ఊళ్లో ఆఫీసు, ఏ రీజినల్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలో తెలియడం కావాలి. దరఖాస్తు పెట్టి మర్చిపోకూడదు, ప్యానెళ్లు ఎప్పటికప్పుడు మారుస్తుంటారు.

రిపోర్టు రాయడం చూడటానికి తేలిక. ముప్పై ఏళ్ల లింకు దస్తావేజులు, ఈసీ (రిజిస్ట్రేషన్ల జాబితా), మీభూమి సైటులో వన్-బి, అడంగల్ అనే రెవెన్యూ రికార్డులు, జీవీఎంసీ ప్లాను, వీఎంఆర్‌డీఏ లేదా పాత వుడా ఎల్పీ (లేఔట్ అనుమతి) నంబరు, పన్ను రసీదు. వీటన్నిటినీ వరసగా పేర్చి "టైటిల్ స్పష్టం, మార్కెటబుల్" అని రాసేస్తే పది నిమిషాల పని. ఈ ఊళ్లో అలా రాసినవాడి పేరు రెండేళ్లలో పోలీస్ స్టేషన్లో వినిపించవచ్చు. భూరికార్డుల తారుమారు మీద 2017లో ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వెయ్యాల్సి వచ్చిన జిల్లా ఇది.

ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. వీలునామా, నోటిమాట పంపకం, రిజిస్టర్ కాని అగ్రిమెంటు, కోర్టులో నడుస్తున్న దావా ఏవీ దాంట్లో ఉండకపోవచ్చు. జీపీఏ (యజమాని ఇంకొకరికిచ్చే అధికారపత్రం) మీద అమ్మితే, ఇచ్చినవాడు అమ్మే తేదీకి బతికే ఉన్నాడా అన్నది మొదటి ప్రశ్న. మనిషి పోతే మామూలు జీపీఏ పోయినట్టే. వారసుల్లో ఆడపిల్లల సంతకాలు లేకపోవడం రెండో పెద్ద లోపం. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ సైటులో చూడాలి. చూసిన తేదీతో ప్రింటు ఫైల్లో పెట్టాలి, ఆ జాబితా మారుతూ ఉంటుంది. అడవివరం, వెంకటాపురం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి పేర్లు దస్తావేజులో కనిపిస్తే సింహాచలం దేవస్థానంతో ఉన్న పంచగ్రామాల భూమి గొడవ గుర్తుకు రావాలి. డి-పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి పట్టా) అయితే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం, మాజీ సైనికుడి పట్టా అయితే ఎన్ఓసీ, పాత ఎస్టేటు గ్రామమైతే 1948 రద్దు చట్టం కింద సెటిల్‌మెంటు రికార్డు. అరకు, పాడేరు వైపైతే ఏజెన్సీ భూముల బదిలీని అడ్డుకునే వన్ ఆఫ్ సెవెంటీ. అక్కడ గిరిజనేతరుడు కొన్నానంటే ఆ కాగితాలు పక్కన పెట్టడమే.

ఈ పని బాగా వచ్చినవాళ్లని బిల్డర్లు వెతుక్కుంటూ వస్తారు. బ్యాంకు కోసం రాసే రిపోర్టుకీ, కొనేవాడు సొంతంగా అడిగే రిపోర్టుకీ ఫీజు ఒకటే ఉండకూడదు. రెండోదానిలో పని మూడింతలుంటుంది: తహసీల్దారు ఆఫీసులో ఫీల్డు మెజర్‌మెంటు బుక్కు చూడటం, స్థలం దగ్గరికెళ్లి ఎవరి స్వాధీనంలో ఉందో అడగడం. 2022 ల్యాండ్ టైట్లింగ్ చట్టం సివిల్ కోర్టుల పరిధినే తీసేస్తుందని రాష్ట్రమంతా లాయర్లు కోర్టులు బహిష్కరించారు. 2024లో దాన్ని రద్దు చేశారు. ఆ చట్టం నిలిచి ఉంటే ఈ ఆదాయం సంగతి ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

ట్రిబ్యునళ్లు, హైకోర్టు

ఊళ్లో బ్యాంకు బాకీల కేసులు చూసే డెట్స్ రికవరీ ట్రిబ్యునల్ (డీఆర్‌టీ), లేబర్ కోర్టు, ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ బెంచి ఉన్నాయి. జిల్లా కోర్టులో వేలమందితో తోసుకోవడం ఇష్టం లేనివాళ్లకి ఇవి మంచి చోట్లు. డీఆర్‌టీలో 20 లక్షలు, ఆపైన బాకీలు. తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ముందు 60 రోజుల నోటీసిస్తుంది, స్వాధీన చర్య తీసుకున్నాక అప్పుదారుడికి 45 రోజుల్లో దరఖాస్తు పెట్టుకునే వీలుంది. అప్పుదారులు ఎక్కువమంది వేలం ప్రకటన పేపర్లో చూశాకే లాయరు దగ్గరికొస్తారు, అప్పటికి చేతిలో రెండ్రోజులుంటుంది. అప్పుదారుడి తరఫున చేస్తే ఫీజు పెద్దది, కానీ ఒక్కసారే. బ్యాంకు తరఫున చేస్తే ఫీజు చిన్నది, బిల్లు పాసవ్వడానికి నెలలు, కానీ ఫైళ్లు ఆగవు. రెండూ చేద్దామనుకునేవాళ్లు ఒకే బ్యాంకుకి వ్యతిరేకంగా నిలబడాల్సి వచ్చి ప్యానెల్ పోగొట్టుకుంటారు. ముందే ఒక గట్టు ఎంచుకోవడం మంచిది.

పోర్టు ఊరు కదా, ఓడల కేసుల్లో సంపాదన ఉంటుందా అని సబ్బవరం పిల్లలు అడుగుతుంటారు. ఉంటుంది, కానీ 2017 అడ్మిరాల్టీ చట్టం ప్రకారం ఓడని అరెస్టు చేయించే పిటిషన్ హైకోర్టులో వెయ్యాలి. ఓడ ఇక్కడి బెర్తులో, కేసు అమరావతిలో. 2019 జనవరి 1న మొదలైన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అక్కడే నడుస్తోంది. విజయవాడకి రైల్లో సుమారు 350 కిలోమీటర్లు, అక్కడి నుంచి మళ్లీ రోడ్డు. రిట్లు, క్వాష్ (కేసు కొట్టెయ్యమనే) పిటిషన్లు, ముందస్తు బెయిళ్ల కోసం ఊళ్లో లాయర్లు హైకోర్టులో ఒకరితో ఏర్పాటు పెట్టుకుంటారు. ఈ ఏర్పాటులో ఎవరి ఫీజు ఎంతో క్లయింటుకి విడివిడిగా చెప్పకపోతే ఇద్దరికీ చెడ్డపేరే. ఓడల పని మీద మనసుంటే కొన్నాళ్లు ముంబైలో చేసి రావడమే దారి, ఇక్కడ కూచుని నేర్చుకునేంత పని దొరకదు.

జీతం కావాలంటే

నెల మొదటి తేదీన డబ్బు పడాలనుకునేవాళ్లకి దారులు బాగానే ఉన్నాయి, వాటి గురించి సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఐబీపీఎస్ ద్వారా బ్యాంకు లా ఆఫీసరు, స్కేల్ వన్: మూల వేతనం 48,480, వయసు 30 లోపు, బార్ కౌన్సిల్లో ఎన్రోల్ అయి ఉండాలి. డీఏ, ఇంటద్దె కలిస్తే చేతికొచ్చేది చాలామంది పదేళ్ల లాయర్ల సగటు నెల కన్నా నయం. ప్రభుత్వ రంగ సంస్థలు కొన్ని క్లాట్ పీజీ మార్కులతో లా అధికారుల్ని తీసుకుంటాయి, ఈ-2 గ్రేడులో మూల వేతనం 50,000 నుంచి మొదలు. నౌకాదళానికి లా కేడర్, సైన్యానికి జాగ్ అనే న్యాయ విభాగం ఉన్నాయి. ఎల్‌ఎల్‌బీలో 55 శాతం, వయసు 27 లోపు, మూల వేతనం 56,100తో మొదలు, సైనిక భత్యం వేరు. ఈ వయసు నిబంధన తెలియక మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఆలస్యంగా చేసినవాళ్లు ఉసూరుమంటారు. బోధనకైతే ఎల్‌ఎల్‌ఎం, నెట్; అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి 57,700. పెద్ద కార్పొరేట్ ఫర్ముల్లో కొత్తవాళ్లకే ఏడాదికి 15 లక్షలు పైబడి ఇస్తారు, రాత్రి పన్నెండింటి దాకా పనీ ఇస్తారు.

ఒకటి గుర్తుంచుకోవాలి. బార్ కౌన్సిల్ 49వ రూల్ ప్రకారం ఫుల్‌టైమ్ జీతగాడు ప్రాక్టీసు చెయ్యకూడదు. ఉద్యోగంలో చేరగానే బార్ కౌన్సిల్‌కి తెలియజేసి ప్రాక్టీసు ఆపాలి. కోర్టులో వాదించని లా ఆఫీసరు ఉద్యోగంలో గడిపిన ఏళ్లు ప్రాక్టీసు కింద లెక్కకి రావు. రేపు జిల్లా జడ్జి పరీక్ష రాద్దామంటే దానికి కావాల్సిన ఏడేళ్ల ప్రాక్టీసు లెక్క అక్కడే కుంటుపడుతుంది. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరుది వేరే సంగతి. కోర్టులో వాదించడమే వాళ్ల పని కాబట్టి ఆ కాలం ప్రాక్టీసేనని దీపక్ అగర్వాల్ కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్రంలో ఏపీపీల్ని పోలీసు నియామక మండలి తీసుకుంటుంది. మూడేళ్ల ప్రాక్టీసుండాలి, స్కేలు 57,100 నుంచి 1,47,760. జీతం, కోర్టు అనుభవం, ముందు దారి మూడూ కలిసొచ్చేది ఇదొక్కటే. దీనికి తగ్గంత మంది చదవరెందుకో అర్థం కాదు.

జిల్లా న్యాయసేవాధికార సంస్థ కింద లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ వ్యవస్థ 2022 నుంచి ఉంది. చీఫ్‌కి పదేళ్లు, డిప్యూటీకి ఏడేళ్లు అనుభవం కావాలి, అసిస్టెంటుగా మూడేళ్లలోపు వాళ్లనే తీసుకుంటారు. ప్రైవేటు కేసులు చెయ్యకూడదు. గౌరవ వేతనం కొంచెమే అయినా ఏడాదిలో చేసే సెషన్స్ విచారణలు మామూలు జూనియర్‌కి అయిదేళ్లలో దొరకవు.

జడ్జి ఉద్యోగం దగ్గరికొస్తే, రెండో జాతీయ న్యాయ వేతన సంఘం ప్రకారం జూనియర్ సివిల్ జడ్జి స్కేలు 77,840తో మొదలు, జిల్లా జడ్జిది 1,44,840తో. మన హైకోర్టు పెట్టే పరీక్షలో స్క్రీనింగ్ దాటినా మెయిన్స్‌లో అనువాదం దగ్గర తెలుగు మీడియం వాళ్లు కాదు, ఇంగ్లీషు మీడియం వాళ్లు తడబడతారు. తెలుగులో వాంగ్మూలం చదివి చట్టం ఇంగ్లీషులో రాయడం జూనియర్‌గా రోజూ చేసినవాళ్లకి అది పరీక్షలాగే అనిపించదు.

పదేళ్లు నిండాక నోటరీకి దరఖాస్తు పెట్టొచ్చు. మహిళలకి, ఎస్సీ ఎస్టీ బీసీలకి ఏడేళ్లు చాలు. గవర్నమెంటు ప్లీడరు పోస్టులు కాలపరిమితి నియామకాలు, వాటి వెనక రాజకీయం చట్టంలో ఉండదు.

చివరగా పన్ను. కంపెనీలు, బ్యాంకులు ఫీజులో పది శాతం టీడీఎస్ కోసుకునే ఇస్తాయి. రిటర్ను వెయ్యని జూనియర్లు ఆ డబ్బు ప్రభుత్వానికి వదిలేస్తున్నట్టే. ఏడాది వసూళ్లు 50 లక్షల లోపు ఉంటే, అందులో సగాన్ని ఆదాయంగా చూపించి పుస్తకాల గోల లేకుండా రిటర్ను వేసుకునే పద్ధతి ఉంది. నగదు అయిదు శాతం మించకపోతే ఆ పరిమితి 75 లక్షలు. ఆ రిటర్నులు మూడేళ్లవి చేతిలో లేకపోతే లాయరుకి ఇంటి లోను రాదు. ఊరందరి లోను కాగితాలకీ ఒపీనియన్ రాసే ప్యానెల్ లాయర్లలో కూడా ఈ ఇబ్బంది పడేవాళ్లున్నారు.